‘మీ ఇష్టం’ అన్నవాడు

పెళ్లివాళ్ల కళ్లముందే మూడంతస్తుల కేకు ఒక పక్కకి ఒరిగి, బల్లమీద చతికిలపడింది.

"ఎవరు చేశారిది?" బేకరీ ఓనరమ్మ గొంతు చించుకుంది.

కేకుల సెక్షన్‌కి కొత్తగా లీడరైన కుర్రాడు చప్పున తల దించుకున్నాడు. లీడరన్నవాడు అడ్డం పడాలి కదా! ఊహూ.

"నేనేనండీ," అంది మొన్ననే చేరిన కొత్తమ్మాయి. చీవాట్లన్నీ ఆమే తింది.

సాయంత్రానికి ఇంకో కేకు కావాలని చెప్పి పెళ్లివాళ్లు వెళ్లిపోయారు. ఆ అమ్మాయి వెనకగదిలో ఏప్రన్ విప్పేస్తోంది. అతను గుమ్మం దగ్గర దొంగలా నిలబడ్డాడు.

"పై అంతస్తు బరువు ఆగడానికి లోపల పుల్లలు గుచ్చాలట. మన సెక్షన్‌లో పాత అక్క ఇప్పుడే చెప్పింది. మీకు తెలీదా?" అందామె.

"తెలుసు."

"మరి నేనడిగితే ‘మీ ఇష్టం, మీరెలా చేసినా బాగుంటుంది’ అన్నారేం? చేయి తిరిగిన అక్క పక్కనేమో నిలబడి క్రీమ్ ఎలా వత్తాలో చెప్తారు. ఏమీ రాని నన్ను గాలికొదిలేశారు!"

"అక్క దగ్గర పెద్దరికం చూపించాలనుకున్నా. మీ దగ్గర... మంచివాణ్ణి అనిపించుకోవాలనుకున్నా."

చెప్తుంటే చెవులు కాలిపోయాయి. ఆమె తిట్లు తింటుంటే నోరు మూసుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. ఆ మాటా అనేశాడు.

"నాతో అంటే ఏం లాభం? ఓనరమ్మతో అనండి."

వెళ్లి అందరిముందూ తప్పు తనదేనని చెప్పాడు. "సాయంత్రం కేకు చూశాక నీ సంగతి తేలుస్తా," అంది ఓనరమ్మ. కొత్తమ్మాయి ఏప్రన్ మళ్లీ కట్టుకుంది.

ఈసారి అక్కని ఆవిడ మానాన వదిలేశాడు. "బతికించావు నాయనా," అంది అక్క. కొత్తమ్మాయి పక్కన మాత్రం కదలకుండా నిలబడ్డాడు. మొదటి పుల్ల తను గుచ్చి చూపించాడు, రెండోది ఆమెతో గుచ్చించాడు. ఆమె చేయి కుదురుకున్నాక చేతులు వెనక్కి కట్టుకుని ఊరుకున్నాడు.

కేకు నిటారుగా వ్యాన్ ఎక్కింది. "ఈసారికి వదిలేస్తున్నా," అంది ఓనరమ్మ. బయట చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ రేకు కింద ఆగారు.

"నా దగ్గరే మంచివాడు అనిపించుకోవాలని ఎందుకనుకున్నారో, అది చెప్పలేదు," అందామె.

"మీరంటే ఇష్టం. పొద్దున అలా చేశాక ఈ మాట అనే మొహం కూడా లేదు నాకు."

"నిజమే, లేదు." ఓరగా చూసింది. "నా కోపం ఇంకా పోలేదు. అయినా ఆదివారం మా ఇంటికి రండి. మా నాన్న గొంతు ముందు ఓనరమ్మ ఏ మూలకి? ఆయన గద్దిస్తే నేను మాట్లాడను. మీరే మాట్లాడాలి."

"మాట్లాడతాను," అన్నాడు, తలెత్తి ఆమె కళ్లలోకి చూస్తూ.