ఏంజెల్ చేపలకి తోడు

పాలు పొయ్యి మీద పెట్టి ముందుగదిలో లైటు వేసిన ఆమె అక్కడే నిలబడిపోయింది. చేపల తొట్టిలో రెక్కలు ఊడిన ఏంజెల్ చేప ఒకటి వెల్లకిలా తేలుతోంది. ఇంకోదానికి కళ్లు లేవు. నిన్న సాయంత్రం తను తెచ్చి వదిలిన ఎర్రచేప ఆఖరిదాన్ని అద్దానికి అదిమి పొడుస్తోంది.

ఆ తొట్టి ఆమె భర్త మొదటి భార్యది. ఆవిడ పోయాక కూతురు కంటికి రెప్పలా చూసుకుంటోంది. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఆ పిల్ల ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడింది లేదు. చేపని చూస్తే మనసు కరుగుతుందేమోనని ఆశపడింది. "ఇదీ అవీ ఒకే జాతమ్మా, కలిసిపోతాయి" అన్నాడు దుకాణం అతను.

"ఏం చేశారు మీరు!"

కూతురు గుమ్మంలో నిలబడి తొట్టినే చూస్తోంది.

"నీకు నచ్చుతుందని తెచ్చానమ్మా..."

"మిమ్మల్నెవరు తెమ్మన్నారు? అమ్మ వస్తువు ఒక్కటీ మిగలకూడదా?"

చేతికందిన స్టీలు చెంబు విసిరింది. ఆమె నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది.

డ్యూటీకి తయారవుతున్న తండ్రి పరుగున వచ్చాడు. రక్తం చూడగానే కూతురి చెంప ఛెళ్లుమనిపించాడు. పిల్ల గోడకు కొట్టుకుని కూలబడింది. అయినా అతని కోపం చల్లారలేదు. నడుముకున్న బెల్టు లాగాడు.

ఆమె మధ్యలోకి దూకింది. దెబ్బ ఆమె భుజం మీద పడింది. బెల్టు కొస పట్టుకుని వదల్లేదు.

"ఇంకొక్క దెబ్బ పడితే ఈ పిల్లని తీసుకుని గడప దాటేస్తాను!"

"నీ తల పగలగొట్టిందే అది!"

"పగిలింది నా తల. మీకెందుకీ పూనకం? అడక్కుండా తెచ్చిన తప్పు నాది."

అతని చేతిలోంచి బెల్టు జారిపోయింది. కూతురి చెంప మీద తన వేళ్ల అచ్చులు చూసి కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

"పిన్నీ, ఆఖరి ఏంజెల్ ఇంకా బతికే ఉంది. బకెట్ పట్టుకో!" అంటూ పిల్ల లేచింది.

ఇద్దరూ కిందామీదా పడి ఎర్రచేపని వలలోకి లాగారు.

"దీన్ని చంపేద్దామా?" అడిగింది ఆమె.

"పాపం, దాని తప్పేముంది?" అంది పిల్ల. " తన చోటులోకి ఎవరొచ్చినా పొడుస్తుంది. వేరే తొట్టిలో ఒంటరిగా ఉంచాలి. జాతి కలిస్తే చాలదు, గుణం కలవాలి. ఏంజెల్ చేపలకి అడుగున తిరిగే చిన్న చేపలైతే సరిపోతాయి."

తండ్రి దూది తెచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. "ఇంకెప్పుడూ చెయ్యెత్తను తల్లీ" అన్నాడు. పిల్ల కాసేపు ఆయన మొహంలోకి చూసి, దూది అందుకుంది.

పిన్ని నుదురు తుడుస్తూ పిల్ల నెమ్మదిగా అంది. "అమ్మ కూడా కొత్తలో ఇలాంటిదే తెచ్చింది. తెల్లారేసరికి తొట్టి ఖాళీ. నేను కోపంతో అమ్మ చెయ్యి కొరికేశాను."

"మరి అమ్మేమంది?"

"నన్ను దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది."

ఆ మాట అంటూనే పిల్ల ఆమె భుజం మీద వాలిపోయింది. సరిగ్గా దెబ్బ తగిలిన చోటే. ప్రాణం పోతున్నట్టున్నా ఆమె కదల్లేదు.