చెప్పకూడని కొలతలు

“ఇక్కడ మగవాళ్లకి కుట్టం.”

“కుట్టమని ఎవరడిగారండీ? వానకి నిలబడ్డాను, అంతే.”

“నిలబడండి. కాకపోతే అటు తిరిగి నిలబడండి. లోపల కొలతలు తీసుకుంటున్నాను.”

పక్క వీధిలో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు టైలరమ్మాయిని మొదటిసారి కలిసింది ఇలాగే. అరగంటసేపు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. టేపు జారిన చప్పుడు, కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినబడ్డాయి. ఒక్క అంకె కూడా వినబడలేదు.

వాన తెరిపిచ్చాక ఉండబట్టలేక అడిగాడు. “కొలతలు పైకి చదవరా?”

“చదవను. ఎవరి నడుము ఎంతో వాళ్లకి తెలిస్తే చాలు. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకెందుకు?”

ఆ మాట అతనికి నచ్చింది. అన్నప్పుడు కాస్త పైకి లేచిన ఆ కనుబొమలు ఇంకా నచ్చాయి. వారం తిరక్కుండా దిండు గలీబు కుట్టించుకోవడానికి వచ్చాడు. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి.

“ఇది ఆరోది. మీ ఇంట్లో ఎన్ని తలలున్నాయండీ?”

“ఒక్కటే. అదీ ఈమధ్య సరిగా పనిచెయ్యడం లేదు.”

ఆమె నవ్వు ఆపుకోవడానికి పళ్ల మధ్య దారం పెట్టుకుంది.

ఒకటే చిక్కు. ఏడింటికి షాపు మూసినా ఆమె బయటికి వచ్చేది కాదు. రేపు బట్ట కత్తిరించాల్సిన వాళ్ల పాత కొలతలు నాలుగైదు నోట్‌బుక్కుల్లో వెతుక్కుంటూ కూర్చునేది. వీధి చివర అతను ఊరికే చెప్పులు అరగదీసేవాడు.

“ఒక యాప్ ఉంది. పేరు కొడితే కొలతలన్నీ వచ్చేస్తాయి. మీ పని తేలికవుతుంది” అన్నాడు ఒకరోజు.

“ఎంతవుతుంది?”

“ఫ్రీ.”

“ఊరికే ఎందుకిస్తారు?”

“అందరూ వాడుతున్నారండీ! నామీద నమ్మకం లేదా?”

నమ్మకం ఉంది. అందుకే ఫోన్ అతని చేతికిచ్చింది. తెర మీద వచ్చిన నాలుగు పేజీల షరతుల్ని వేలితో చివరిదాకా తోసేసి, ‘ఒప్పుకుంటున్నాను’ అన్నచోట నొక్కింది అతనే. కొలతలు మాత్రం అతన్ని దూరంగా కూర్చోబెట్టి ఆమే ఎక్కించుకుంది. పేరు, ఫోన్ నంబరు, అంకెలు, అడుగున గుర్తుకోసం ఒకటి రెండు మాటలు.

అప్పట్నుంచి ఏడింటికల్లా ఇద్దరూ టీ కొట్టు ముందు ఉండేవారు. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. మనసులో మాట ఆదివారం చెప్పేద్దామనుకున్నాడు.

శనివారం సాయంత్రం స్కూలు టీచరుగారు వచ్చింది. ఆ షాపుకి ఆరేళ్లుగా వస్తున్న మనిషి. కూర్చోమన్నా కూర్చోకుండా ఫోన్ బల్లమీద పెట్టింది.

“ఎవరికి చెప్పావమ్మా?”

తెర మీద ఒక ప్రకటన. రొమ్ము ఆపరేషన్ అయినవారికి ప్రత్యేకమైన లోదుస్తులు, ఈ వారం మాత్రమే సగం ధర.

“టైమెంతయిందో చూస్తానని పక్క టీచరు నా ఫోన్ తీసింది. ‘ఇది నీకెందుకొచ్చింది?’ అని స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అడిగింది. నా ఆపరేషన్ సంగతి మా ఆయనకీ, నీకూ తప్ప ఎవరికీ తెలీదు.”

“నేనెవరికీ చెప్పలేదక్కా. ఒట్టు” అంది టైలరమ్మాయి. “ఎడమవైపు ఎత్తు పెట్టాలని, ఆపరేషన్ అని... గుర్తుకి రాసుకున్నాను. అంతే.”

“ఎక్కడ రాసుకున్నావు?”

ఆమె మూలకి చూసింది. ఏడయ్యేదాకా ఆగుదామని అక్కడ స్టూలు మీద కూర్చున్న కుర్రాడు అప్పటికే ఆమె ఫోన్లో యాప్ తెరిచి, ఆ నాలుగు పేజీలూ మొదటిసారి చదువుతున్నాడు. మూడో పేజీలో ఉంది. ‘మీరు నమోదు చేసే సమాచారాన్ని మా వ్యాపార భాగస్వాములతో పంచుకుంటాము.’ అబద్ధం ఏమీ లేదు. ముందే చెప్పారు.

“తప్పు నాదండీ. ఈ యాప్ పెట్టింది నేనే” అని లేచాడు.

టీచరుగారు అతనికేసి చూసింది. “అయితే ఇప్పుడు ఇతనికీ తెలిసిందన్నమాట.”

సగం కుట్టిన తన గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

“తీసేస్తే పోతుందా?” అడిగింది టైలరమ్మాయి.

“నీ ఫోన్లోంచి పోతుంది. వాళ్ల దగ్గరికి వెళ్లింది వెనక్కి రాదు.”

మర్నాడు, అతను ప్రేమ సంగతి చెప్పాలనుకున్న ఆదివారం, ఆమె షాపు తెరవలేదు. యాప్‌లో మిగిలిన నలభై ముగ్గురి పేర్లూ కాగితం మీద రాసుకుంది. ఫోన్లో చెప్తే కుదరదు, ఎదురుగా నిలబడి చెప్పాలంది. పిలవకపోయినా అతను వెంట నడిచాడు.

మొదటి ఇంట్లో ఆవిడ పగలబడి నవ్వింది. “నా నడుము కొలత తీసుకుని వాళ్లేం చేసుకుంటారే, వడ్డాణం చేయిస్తారా?” రెండో ఇంట్లో వాళ్లకి సంగతి అర్థమే కాలేదు. మూడో ఇంటావిడ వాళ్ల మొహానే తలుపేసింది. నాలుగో ఇంటావిడ ఏమీ అనలేదు గానీ, వచ్చే నెల కుట్టడానికి ఇస్తానన్న పెళ్లి బట్టలు ఇక ఇవ్వనని చెప్పింది.

రోడ్డు మీద సన్నగా జల్లు మొదలైంది. ఇద్దరికీ గొడుగు లేదు.

“నీ పని తేలికవ్వాలని పెట్టానని చెప్పాను కదా, అది నిజం కాదు” అన్నాడు అతను. “సాయంత్రం ఆ గంటసేపు నువ్వు నాతో ఉండాలని పెట్టాను. నువ్వంటే నాకిష్టం. ఇలాంటప్పుడు చెప్పాల్సొస్తుందనుకోలేదు.”

ఆమె ఆగింది. తడిసిన కాగితాన్ని కొంగుతో ఒత్తుకుంది.

“ఆ గంట నన్ను అడిగుంటే ఇచ్చేదాన్ని కదా. అడగడానికేమైంది నీకు?”

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి ఇవ్వలేదు, విదిలించుకోనూ లేదు. చాచిన అతని చేతిలో కాగితం పెట్టింది.

“ఇంకా ముప్పై తొమ్మిది ఇళ్లున్నాయి. ఈసారి తలుపు నువ్వు కొట్టు. నేను చెప్తాను.”