గోడమీది డబ్బాకి చెప్పుకున్న మాట

పాలగ్లాసు ఇంకా చిన్నారి పిచ్చుక మూతిదాకా వెళ్లనే లేదు, టీవీలో పిల్లల పాట ఠక్కున ఆగి ఆ ప్రకటన మళ్లీ వచ్చేసింది.

"వినపడటం లేదా? ఆలస్యం చేయకండి! ఈరోజే మా కేంద్రానికి రండి!"

నవ్వుతున్న మనిషి, చెవి వెనక శనగగింజంత మిషను. పిచ్చుక తల్లి చేతిలో గ్లాసు ఒరిగి పాలు పిల్ల గౌను మీద ఒలికాయి.

మొన్న ఫోన్లో వచ్చింది. నిన్నా వచ్చింది. ఇవాళ ఏకంగా టీవీలోకి ఎక్కింది! ఆమె ఫోనుని అడిగింది ఒక్కటే, పిల్లలకి మాటలు ఎందుకు ఆలస్యంగా వస్తాయని. అదీ స్నానాలగదిలో తలుపేసుకుని, కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా. రెండో పుట్టినరోజు వెళ్లి చాన్నాళ్లయింది. పక్కింటి పాప గడగడా పేచీలు పెడుతుంటే పిచ్చుక మాత్రం కావలసినదాని వైపు వేలు చూపించి ఊరుకుంటుంది. ఆ వేలు లేచేలోపే తల్లి అది తెచ్చి చేతిలో పెట్టేస్తుంది.

మాటల గురించి అడిగితే చెవి మిషన్లు పంపుతున్నారంటే ఏమిటర్థం? బిడ్డకి చెవుడని వాళ్లకి ముందే తెలిసిపోయిందా? తనంటే చదువు మధ్యలో ఆపేసిన మనిషి. వాళ్లు పెద్దపెద్ద చదువులవాళ్లు, ఊరికే పంపుతారా?

ఆమె పిల్ల వెనక్కి వెళ్లి చెంచాతో పళ్లెం మీద టంగుమనిపించింది. పిచ్చుక తిరిగి చూసి నవ్వింది. మళ్లీ కొట్టింది. మళ్లీ నవ్వింది. అయినా తల్లి మనసు కుదుటపడలేదు. పళ్లెం చప్పుడు వినపడితే మాటలు వినపడ్డట్టేనా?

అంతలో ముందుగదిలోంచి అత్తగారు దూసుకొచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఆ ముందుగదే ఆవిడ కుట్టు దుకాణం.

"అమ్మాయ్! మన పిల్ల సంగతి ఊరంతా టముకేశావా?"

"నేనా? ఎవరికీ చెప్పలేదత్తయ్యా!"

"చెప్పకపోతే నా ఫోనుకెలా తెలిసింది? కొత్త మోడల్ గౌన్లు చూపిద్దామని బేరానికొచ్చినావిడ ముందు ఫోను తెరిచానా, 'మీ బిడ్డకి ఇంకా మాటలు రాలేదా' అని ఇంత లావు అక్షరాలు! ఆవిడ నోరు చప్పరించి, 'అయ్యో, మీ మనవరాలికేనా అండీ' అంది. నా తల కొట్టేసినట్టయింది."

కోడలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపమూ తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ అత్తగారి ముందు గొంతెత్తని మనిషి అరిచినంత పని చేసింది.

"మరి మీరు చేసిందేమిటి? నా ఫోన్లోకి మొన్నటినుంచీ ఆ ప్రకటనలెలా వస్తున్నాయి? నా బిడ్డ చెవిటిదని చాటుగా చెవి మిషన్లు వెతుకుతున్నారు కదూ! ఏదైనా ఉంటే నాతో అనొచ్చుగా?"

అత్తగారి మొహం పాలిపోయింది. మెడలోని టేపుని వేలికి చుట్టడం మొదలుపెట్టింది.

పనికి బయల్దేరుతున్న కొడుకు ఒక కాలికి బూటు, ఒక చేతిలో బూటుతో పరుగెత్తుకొచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్. ఇద్దరి గోడూ విని, గోడకి వేలాడుతున్న ఇంటర్నెట్ డబ్బా వైపు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"దీని పనే! ఇంట్లో ఎవరం ఏం చూసినా ఈ డబ్బా దారినే పోవాలి. కంపెనీవాడు దారిలో కాపు కాసి, ఏ సైటుకెళ్లామో చూసి, ప్రకటనలవాళ్ల చెవిన వేస్తున్నాడు. ఇల్లంతా వాడికి ఒకే లెక్క. నువ్వు చూసిందానికి అమ్మ ఫోన్లో రావచ్చు, అమ్మ చూసిందానికి టీవీలో రావచ్చు."

"వాడికెవరిచ్చారండీ ఆ హక్కు?"

అతను బూటుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "కనెక్షన్ పెట్టిన రోజు, 'మీకు నచ్చే ఆఫర్లు పంపమంటారా' అని అడిగితే సరే అని నొక్కాను. సబ్బులో చెప్పులో చూపిస్తారనుకున్నా."

"సరే అన్నావా!" అత్తగారు కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇల్లు చూసుకోరా అంటే కిటికీలు పీకి వాడి చేతిలో పెట్టావు. పట్టు ఫోను!"

కంపెనీకి ఫోన్ చేశారు. పాట వినిపించారు, అంకె నొక్కమన్నారు, మళ్లీ పాట. చివరికి ఒక కుర్ర గొంతు పలికింది. అత్తగారు ఫోను లాక్కుని స్పీకరు పెట్టి, శబ్దం పూర్తిగా పెంచేసింది.

"బాబూ, తలుపు సందులోంచి పక్కవాళ్లింట్లోకి తొంగిచూసేవాణ్ణి మీ ఇంట్లో ఏమంటారు?"

"మేడమ్, అది మీకు మెరుగైన సేవ అందించడానికే..."

"ఆ? గట్టిగా చెప్పు!"

"మీ మేలు కోసమే మేడమ్!"

"ఏంటీ? ఈ లైనుకేమొచ్చింది, ఒక్క ముక్క అర్థమై చావదు." విసుక్కుంటూ ఫోను కొడుకు చేతిలో పెట్టి కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పుడు కోడలు ఫోను అందుకుంది. "నా బిడ్డ గురించి నా భర్తకే చెప్పుకోలేదండీ నేను. మీరు అమ్ముకున్నారు. ఇప్పుడే ఆపండి. ఇప్పటిదాకా పోగేసింది చెరిపేయండి. చెరిపామని రాసి పంపేదాకా ఈ ఫోను పెట్టను."

పెట్టలేదు కూడా. కాసేపటికి భర్త ఫోనుకి మెసేజ్ వచ్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివి, కళ్లింత చేసుకుని భార్యని చూశాడు. "అమ్మో, నువ్వేనా!" ఆ వెంటనే నెమ్మదిగా అడిగాడు. "నాతో అనొచ్చుగా?"

"భయమేసింది," అందామె. "నోటితో అంటే నిజమైపోతుందేమోనని."

అతను రెండో బూటు తొడుక్కోబోయి ఆగాడు. "మాటల గురించి చూసింది నువ్వు. మరి చెవి మిషన్లు ఎవరు చూశారు? నేను చూడలేదే."

ఇద్దరూ ముందుగదిలోకి వెళ్లారు. కుట్టుమిషను ఆగి ఉంది. వాళ్లకి వీపు పెట్టి కూర్చుని అత్తగారు సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"అమ్మా! చెవి మిషన్లు నువ్వు చూశావా?"

ఆవిడ తిరగలేదు. గదిలో దారం కదిలినా వినపడేంత నిశ్శబ్దం.

"అమ్మా!"

ఉలుకూ పలుకూ లేదు.

పిచ్చుక వాళ్ల కాళ్ల మధ్యనుంచి దూరి వెళ్లి నాన్నమ్మ వెనక నిలబడింది. "నామ్మా," అంది. కాస్త ఆగి, "నామ్మా," అంది మళ్లీ. అలవాటైన పనిలా చుట్టూ తిరిగి ముందుకెళ్లి, నాన్నమ్మ మోకాలి మీద చిన్న అరచేత్తో టపటపా తట్టింది.

నాన్నమ్మ మొహం వెలిగిపోయింది. "ఏమే పిచ్చుకా! పాలు తాగావా?"

"మాట్లాడింది!" తల్లి కేక పెట్టింది. "ఏవండీ, విన్నారా! నామ్మా అంది!" ఒక్క అంగలో వెళ్లి బిడ్డని ఎత్తి గిరగిరా తిప్పింది.

"ఏమైంది? ఎందుకలా గంతులేస్తున్నావు?" అంది అత్తగారు బిత్తరపోయి.

"మిమ్మల్ని పిలిచిందత్తయ్యా! రెండుసార్లు!"

"పిలిచిందా?" ఆవిడ చేతిలోంచి సూది జారిపోయింది. "నన్నా? రోజంతా నా వెనకే తిరుగుతుందే... రోజూ పిలుస్తోందా? నాకు... నాకు వినపడలేదే తల్లీ!"

కోడలు ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ చెప్పింది, మిషన్లు వెతికింది తన కోసమేనని. "చెవుడొచ్చిందని తెలిస్తే కొలతలు చెప్పడానికి ఎవరొస్తారు నా దగ్గరికి? అందుకే దాచాను. నువ్వు పిల్లకని నిలదీస్తే, నోరు విప్పలేకపోయాను."

"ఒకే ఇంట్లో ఉండి మనం చెప్పుకోలేదు. ఆ డబ్బాకి చెప్పుకున్నాం," అంది కోడలు. "పోనీ, దాని పుణ్యమా అని బయటపడింది."

"దానికి దణ్ణం పెట్టకే అమ్మాయ్! దొంగ వెతికితే పోయిన ఉంగరం దొరికినా, దొంగ దొంగే."

ఏడుస్తూనే ముగ్గురూ నవ్వారు.

ఆ వారంలోనే నాన్నమ్మనీ మనవరాలినీ డాక్టరుకి చూపించారు. నాన్నమ్మ చెవికి మిషను రాసిచ్చాడు. పిచ్చుక చెవులు భేషుగ్గా ఉన్నాయి. "పిలిస్తే పలకాలి, అడిగితే ఇవ్వాలి. తడితే పనైపోతుంటే, అడక్కముందే చేతికొస్తుంటే ఇక మాటలతో దానికేం పని?" అన్నాడు డాక్టరు. తల్లి తల దించుకుంది.

మర్నాడు పొద్దున చెవి వెనక కొత్త మిషనుతో నాన్నమ్మ బట్ట కత్తిరిస్తోంది. వెనకనుంచి సన్నగా వినపడింది.

"నామ్మా."

"ఓయ్!"

ఆవిడ తిరిగిన విసురుకి మెడలో టేపు ఊడి కింద పడింది. మోకాలి మీద తట్టడానికి లేచిన పిచ్చుక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. నమ్మలేనట్టు మళ్లీ పిలిచింది.

"నామ్మా!"

"ఓయ్ నా తల్లీ, ఓయ్!"

కిలకిలా నవ్వుతూ పిచ్చుక పిలుస్తూనే ఉంది, నాన్నమ్మ కళ్లనీళ్లతో పలుకుతూనే ఉంది.

వంటింటి గుమ్మంలో తల్లి పాలగ్లాసు పట్టుకుని నిలబడింది. పిచ్చుక వేలు ఆమె వైపు లేచింది. చెయ్యి చాచబోయి, తల్లి బలవంతంగా ఆగింది.

"ఏం కావాలే?"

పిచ్చుక గ్లాసు వంక చూసింది. అమ్మ వంక చూసింది. తల్లి గ్లాసుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పాయ్," అంది పిచ్చుక.