పిడుగుగారి చెల్లెలు

"ఆ ట్రైలర్ కట్ చేసిందెవరు?"

తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి అడిగింది. ఎడిటింగ్ గదిలో ఉన్నది నేనొక్కడినే. పైగా పొద్దుట్నించి ఆ ట్రైలర్ గురించి ఫోన్లో పొగడ్తలు వింటూ ఉన్నాను. కుర్చీలో వెనక్కి వాలి, చేతనైనంత వినయంగా, "నేనేనండీ" అన్నాను.

"సిగ్గు లేదా?"

పొగడ్తల్లో ఇదో కొత్త రకమేమో అనుకున్నాను.

"మ్యూజిక్ నచ్చలేదాండీ?"

"మా అన్నయ్య నమ్మేశాడు."

"దేన్ని?"

"మీ ట్రైలర్‌ని!"

అప్పుడర్థమైంది, ఈమె పిడుగుగారి చెల్లెలని. పిడుగు అనేది బాక్సింగ్ పోటీలు పెట్టి అమ్ముకునే మా మావయ్య పెట్టిన పేరు. అసలు మనిషి లారీ టైర్లు మార్చే షెడ్డు నడుపుకుంటున్నాడు. ఒకప్పుడు బాక్సింగ్ చేసి మానేశాడు. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి, ఇంతవరకూ ఓటమన్నది తెలియని బుల్డోజర్ అనే బాక్సర్‌తో రింగులోకి దింపుతున్నాడు మావయ్య. టీవీలోనూ ఫోన్లోనూ ఆ ఒక్క ఫైట్ చూడటానికి జనం విడిగా డబ్బు కట్టాలి. కట్టాలంటే ఇద్దరూ సమానమని అనిపించాలి. అలా అనిపించడమే నా ఉద్యోగం.

అనిపించాను. పిడుగు ప్రాక్టీసులో బస్తాని గుద్దిన గుద్దుల్లో బాగున్నవి మాత్రం ఏరి, వేగం పెంచి, వెనక డ్రమ్ములు మోగించాను. ఆయాసంతో వంగిపోయిన చోట తెర చీకటి చేసి ఉరుము పెట్టాను.

"ముందు నాకు మాటిచ్చాడండీ," అందామె. గొంతు కాస్త తగ్గింది. "రెండు దెబ్బలు తిని మోకాలు కింద పెట్టేస్తాను, రిఫరీ లెక్కపెట్టేస్తాడు, ఇంటికొచ్చేద్దాం అన్నాడు. ఇప్పుడేమో మోకాలు వంచే ప్రసక్తే లేదంటున్నాడు. టైరు విప్పుతూ కూడా మీ ట్రైలరే చూస్తున్నాడు. 'నేనింత బాగా కొడతానని నాకే తెలీదే' అంటున్నాడు. ఆయనకి ఎడమ కన్ను సరిగ్గా కనపడదు, తెలుసా మీకు? అటు నుంచి వచ్చే దెబ్బ తగిలాక గానీ తెలీదు."

"డాక్టరు చూశాడు కదండీ?"

"మీ మావయ్యగారి డాక్టరు చూశాడు."

"ఏమన్నాడు?"

"చాలా బాగుందన్నాడు."

నేనూ అవునని తలూపాను. ఎందుకంటే ట్రైలర్లో ఆ కన్ను నిజంగానే చాలా బాగా వచ్చింది.

ఆమె ఆస్పత్రిలో ఫిజియో. మెడలూ నడుములూ సరిచేస్తుంది. ఆ చూపు చూస్తే నా మెడ గురించి నాకే బెంగ పుట్టింది. అంత కోపంలోనూ, వెళ్ళేముందు నేను కూర్చున్న తీరు చూసి, "అలా జారగిలబడి కూర్చుంటే నడుము పోతుంది" అని చెప్పి వెళ్ళింది. తిట్టిందా, నా మీద శ్రద్ధ చూపించిందా అన్నది సాయంత్రం దాకా తేలలేదు.

మావయ్య దగ్గరికి వెళ్ళాను.

"ఇది న్యాయమేనా మావయ్యా?"

"ఒరేయ్ అల్లుడూ, ఎవరి మెడ మీదైనా కత్తి పెట్టామా? కొనేవాడు ఇష్టపడి కొంటున్నాడు. కొట్టేవాడు ఇష్టపడి కొడుతున్నాడు. తన్నులు తినేవాడు ఆ షెడ్డులో జన్మంతా కష్టపడినా రానంత తీసుకెళ్తున్నాడు. ఇందులో ఏడ్చేదెవరు?"

"వాళ్ళ చెల్లెలు."

"ఆమె కొనలేదు కదా!" అని నవ్వి, తర్వాత కొంచెం మెత్తగా అన్నాడు. "జనం వెర్రివాళ్ళు కాదురా. ఎవడు గెలుస్తాడో వాళ్ళకీ తెలుసు. కానీ ఏమో, ఒకవేళ? ఆ 'ఒకవేళ' కోసమే కొంటారు. నేను అమ్మేది అదే."

మావయ్య మాట్లాడుతుంటే మావయ్య మాటే సబబనిపించింది. బయటికొచ్చి ఆమెని తలుచుకుంటే ఆమె మాటే సబబనిపించింది. ఆమెని తలుచుకోవడం మాత్రం అవసరమైన దానికన్నా ఎక్కువైంది.

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు తట్టింది.

"నమ్మించింది మీరు. మాన్పించేది కూడా మీరే."

"ఎలా?"

"కత్తిరింపులు లేకుండా తీయండి. ఆయన ఎంత నెమ్మదిగా ఉన్నాడో ఆయనకే చూపిద్దాం."

షెడ్డు వెనక పిడుగు ఒక కుర్రాడితో ప్రాక్టీసు చేస్తుంటే, ఇద్దరం రేకు చూరు కింద నిలబడి తీశాం. వాన మొదలైంది. కెమెరా తడవకుండా ఆమె గొడుగు పట్టింది. కెమెరా తడవలేదు. ఆమె ఎడమ భుజమంతా తడిసింది. నేను గొడుగు అటు జరిపితే ఆమె ఇటు జరిపింది. ఇటు జరిపితే నేను అటు తోశాను.

"ఫైట్ అక్కడ జరుగుతోంది," అందామె.

"తెలుసండీ."

"మరి కెమెరా నా వైపుందేం?"

తల దించుకుని చూద్దును కదా, నిజమే.

ఒక్క కత్తిరింపు లేకుండా, సంగీతం లేకుండా ఆ వీడియో పిడుగు ముందు పెట్టాం. టైర్ల మీద కూర్చుని చివరిదాకా శ్రద్ధగా చూశాడు. చెల్లెలు వీడియో వదిలేసి ఆయన ముఖమే చూస్తోంది.

"లైటింగ్ బాగాలేదయ్యా," అన్నాడు. "నీ మొదటిదే బాగుంది."

"అన్నయ్యా, అది అబద్ధం!"

"అబద్ధమే అయితే అంత బాగా ఎందుకుంటుందే?"

ఆమె విసురుగా వానలోకి వెళ్ళిపోయింది. ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడదనుకుని గొడుగు ముడుస్తున్నాను. సగం దారి నుంచి వెనక్కి వచ్చింది.

"ఫైట్ రోజు రింగు పక్కన మా కార్నర్లో నిలబడు."

మీరు కాస్తా నువ్వు అయింది. కోపం పెరిగి అయిందో, తగ్గి అయిందో తెలియలేదు.

"నేనెందుకు?"

"నేను టవల్ విసిరితే ఫైట్ ఆగిపోతుంది. కానీ అన్నయ్యకి ఒక్క దెబ్బ తగిలినా నాకు కళ్ళలో నీళ్ళొచ్చేస్తాయి, ఇంకేమీ కనపడదు. నువ్వు చూసి చెప్పాలి. దాన్ని ట్రైలర్‌లా చూడకు. ఉన్నది ఉన్నట్టు చూసి చెప్పు."

సంగతి తెలిసి మావయ్య పళ్ళు కొరికాడు. "టవల్ పడితే దాంతోపాటు నీ ఉద్యోగమూ పడుతుందిరా!" అన్నాడు. ప్రేమ సంగతి ఇంకా తేలలేదు గానీ ఉద్యోగం సంగతి అప్పుడే తేలిపోయింది.

ఫైట్ రోజు హాలు కిక్కిరిసిపోయింది. బుల్డోజర్ రాగానే నేల అదిరింది. పిడుగు రాగానే కూడా అదిరింది. అది నా ట్రైలర్ పుణ్యమే. గంట మోగింది. పిడుగు మొదట్లోనే రెండు దెబ్బలు తిన్నాడు. నా పక్కన ఆమె టవల్‌ని రెండు చేతులా పిండుతోంది.

అంతలో ఎవరూ అనుకోనిది జరిగింది. పిడుగు కుడి చెయ్యి వెళ్ళి బుల్డోజర్ దవడ మీద ఠపీమని తగిలింది. ఆ కొండంత మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. హాలంతా లేచి నిలబడింది. నేనూ ఎగిరి గంతేశాను, గొంతు చించుకుని అరిచాను. అరిచాక ఆమె ముఖం చూశాను. ఏడుస్తూనే నవ్వుతోంది.

ఆ గుద్దు కత్తిరింపు కాదు. నా ట్రైలర్ చూడకపోతే అతను ఆ గుద్దు గుద్దేవాడా? గుద్దడం మంచిదైందా, చెడ్డదైందా? మావయ్య చెప్పిన 'ఒకవేళ' ఇదేనా? నా బుర్ర పూర్తిగా గిర్రున తిరిగింది.

రెండో రౌండ్లో బుల్డోజర్ తెలివిగా పిడుగు ఎడమవైపుకి జరిగాడు. అటు నుంచి ఒకటి, మళ్ళీ ఒకటి. పిడుగు నిలబడే ఉన్నాడు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. కానీ దెబ్బ పడ్డాక గానీ అతని తల తిరగడం లేదు. చేతులు పైకి లేస్తున్నాయి గానీ ఎవరి కోసం లేస్తున్నాయో అతనికే తెలియడం లేదు.

"ఎలా ఉన్నాడు?" అందామె. "చెప్పు!"

"వెయ్యి."

"నిజంగానా?"

"నిజంగా. వెయ్యి!"

టవల్ గాల్లోకి ఎగిరి రింగు మధ్యలో పడింది. హాలంతా తిట్లు. డబ్బు వాపసు ఇవ్వమని కేకలు. దూరంగా మావయ్య రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో పిడుగు బెంచీ మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండోది మా మీద నిప్పులు కురిపిస్తోంది.

"నేనింకా నిలబడే ఉన్నాను! ఎవరు వెయ్యమన్నారు?"

నేను నెమ్మదిగా చెయ్యెత్తాను.

"నువ్వెవడివయ్యా? మా అన్నాచెల్లెళ్ళ మధ్య నువ్వెవడివి?"

నిజాయితీగా ఆలోచించాను. మావయ్య మేనల్లుణ్ణి. ఇందాకటిదాకా ఎడిటర్ని. ఇప్పుడెవరిని?

"నేను పెళ్ళి చేసుకోబోయేవాడు," అందామె.

పిడుగు నోరు తెరిచాడు. నేనూ తెరిచాను.

"ఎప్పట్నించి?"

"ఇప్పట్నించే."

"ఇతనికి తెలుసా?"

ఆమె నా వైపు తిరిగింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. అంత అందమైన ముక్కు నేనింతవరకూ చూడలేదు.

"ఇప్పుడే తెలిసిందండీ," అన్నాను.

"ఇంకా అండీ ఏంటి?" అందామె.

పిడుగు తెరిచి ఉన్న కంటితో నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. అతని చేతులకి పట్టీలు కట్టేదీ, ఫైటయ్యాక కోసి తీసేదీ చెల్లెలొక్కతే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వడట. ఆమె అలవాటుగా కత్తెర తీసి ముందుకొచ్చింది. అతను ఆ కత్తెర అందుకుని నా చేతిలో పెట్టి, రెండు చేతులూ నా ముందు చాపాడు.

"మెల్లిగా కొయ్యి. వేళ్ళు వాచిపోయాయి."

కత్తెర మొనని పట్టీ కిందికి జాగ్రత్తగా దూర్చాను. ఇదంతా ఎలా జరిగిందో, ఎప్పుడు జరిగిందో నాకింకా అంతా అయోమయంగానే ఉంది. ఒక్క మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

"అలాగే, బావగారూ."