స్టార్టర్ మీద తువ్వాలు

తోటపల్లి గూడూరు దాటినాక, రొయ్యల గుంటల మధ్య ఉన్న కామమ్మక్క షెడ్డుకు నేను పోయింది కంప్యూటర్ బాగు చేయడానికి. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళ దగ్గర నా నోరు ఆగదు. దెయ్యానికైనా చార్జర్ పాడైతే నా షాపుకే రావాలి అని ఎగతాళి చేసేదాన్ని.

ఆ కంప్యూటర్ ఆమె కొడుకు పెంచల్‌ది. గుంటకు కాపలా ఉంటూ అందులోనే స్నేహితులతో ఆన్‌లైన్ ఆటలాడేవాడు. పోయిన వానల్లో, గుంట నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ రెక్కలకు చుట్టుకున్న తాడు తీయడానికి నీళ్ళలో దిగాడు. దిగేముందు మీట ఆపి, షెడ్డులోని మోటారు స్టార్టర్ పెట్టె మీద తువ్వాలు వేశాడు. మా గుంటల కాడ అదే కట్టుబాటు. తువ్వాలు ఉందంటే నీళ్ళలో మనిషి ఉన్నట్టు. వేసినవాళ్ళే తీయాలి. ఆ పూట ఎవరో తీసి మీట వేశారు. వాడు మళ్ళీ పైకి రాలేదు. ఎవరని ఊళ్ళో పైకి అనరు. అప్పటికే రొయ్యలు ఊపిరాడక తేలుతున్నాయి, గట్టు మీద ఉన్నది వాళ్ళమ్మ ఒక్కతే.

ఆమెకు కావలసింది కొడుకు గొంతు. ఆడేటప్పుడు వాడు మాట్లాడిన మాటలు ఆ ఆటలో దాచి ఉన్నాయట. ఆటను తెరిచే లాంచరేమో కదలడం లేదు.

సాయంత్రం మబ్బు పట్టి ఉంది. షెడ్డులో రొయ్యల మేత వాసన. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది, కింద 'నాట్ రెస్పాండింగ్' అని పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో ఆపేశాను. దానంతట అదే మళ్ళీ వచ్చింది. పాత ఫైళ్ళు తుడిచాను, నెట్ పీకేశాను, డ్రైవర్లు మార్చాను. మొండి ముండ, అదే గుండ్రం. కామమ్మక్క ఆకుపచ్చ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వెనకే నిలబడింది.

లైను ఏమన్నా వదులుగా ఉందేమోనని గోడ వైపు తిరిగాను. స్టార్టర్ పెట్టె మీద ఎర్ర గళ్ళ తువ్వాలు. తడిగా ఉంది. కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"గుంటలో ఎవరుండారక్కా?"

"ఎవురూ లేరు."

కిటికీలోంచి చూశాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కంప్యూటర్‌కు కరెంటు ఆ పెట్టె నుంచే వస్తోంది. లోపల వైరు చూద్దామని తువ్వాలు నేనే తీశాను.

లాంచర్ టక్కున తెరుచుకుంది.

స్పీకర్లో ఊపిరి. నీళ్ళలో అడుగు వేసిన చప్పుడు... తర్వాత కుర్ర గొంతు, మెల్లగా.

"అమ్మా... తువ్వాలు తీయబాకమ్మా. నేనింకా నీళ్ళలోనే ఉండా. ఇంకొక్క..."

బయట ఏరేటర్ గిర్రున తిరిగింది. మీట ఎవరూ ముట్టుకోలేదు. గొంతు తెగిపోయింది. లైటు మసకబారి మళ్ళీ వెలిగింది. తెర మీద మళ్ళీ గుండ్రం. నా చేతిలో తువ్వాలు లేదు... పెట్టె మీద ఉంది. కారుతోంది.

ఊరంతా జడిసే నోరున్నదాన్ని, తలుపు వైపు జరిగాను.

కామమ్మక్క నా మణికట్టు పట్టుకుంది.

"రోజూ ఇంతే ఉషా. నేను తీస్తా, వాడు ఇంతదాకే చెప్తాడు. ఆ తర్వాత మాట వినపడేటట్టు చెయ్యి. దానికే పిలిచినా."

రోజూ... రోజూ తీస్తోందా ఈ తల్లి?

నా వల్ల కాదన్నాను. వద్దన్నాను. బతిమాలాను, నా జన్మలో ఎవరినీ బతిమాలనిదాన్ని. ఆమె చెయ్యి అప్పటికే తువ్వాలు మీద ఉంది. నేను గట్టెంబడి బండి వైపు పరిగెత్తాను. వెనక నుంచి "అమ్మా..." అన్నది వినపడింది. తర్వాత ఏరేటర్.

షాపుకు వచ్చేసరికి చీకటి పడింది. బయలుదేరేటప్పుడు నేను ఆపి పోయిన మెయిన్ స్విచ్చి వేద్దామని చెయ్యి చాపాను. వేళ్ళకు తడి గుడ్డ తగిలింది. గుంట బురద వాసన.

ఫోన్ వెలుగులో చూశాను. తువ్వాలు కాదు. చించిన చీర చెంగు. ఆకుపచ్చది.

కామమ్మక్కకు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. గుడ్డ తీయలేదు. గుడ్డ ఉందంటే నీళ్ళలో మనిషి ఉన్నట్టు. దాని వైపే చూస్తూ అట్లాగే నిలబడ్డాను.

మెయిన్ ఆపే ఉంది. అయినా నా వెనక, బల్ల మీద ఒక తెర వెలిగింది. గుండ్రం తిరుగుతోంది.