నెమిలిబండకు వచ్చిన ఏనుగు

"అలికిన వాకిట్లో దండెం కట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంది సరోజమ్మ.

"దండెం తప్పేమీ కాదత్తయ్యా. దాని క్లిప్పులు పీకి వడియాల గుడ్డకు పెట్టారే, అది తప్పు."

"అయితే వడియాలు గాలికి పోనీమంటావా?"

"చొక్కా పోవచ్చా మరి?"

శాంతకుమారి చేతిలో భర్త తెల్లచొక్కా ఉంది. పొద్దున్నే పేడతో అలికిన నేల మీద వెల్లకిలా పడి, వీపంతా మరక అంటించుకుంది. రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికినా పోలేదు. ఆకుపచ్చ కాస్తా గోధుమరంగుకు తిరిగిందంతే. చెంగల్రాయుడు బనీనుతో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. సర్వేయరు ఉద్యోగం వదిలేసి మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివుగా పేరు తెచ్చుకున్న మనిషి, తన చొక్కా ఎవరి వల్ల పాడైందో మాత్రం తేల్చి చెప్పే ధైర్యం చేయలేదు.

గేటు చప్పుడైంది. నలభై ఏళ్ళ పల్లెటూరి ఆడమనిషి చంకలో గుడ్డమూటతో నిలబడి ఉంది. ఎడమ చెంప కమిలి నల్లబడింది. ఆ వైపు కన్ను రక్తం చిమ్మినట్టు ఎర్రగా ఉంది.

"డిటెక్టివు సామి ఇల్లు ఇదేనా అమ్మా? నేను నెమిలిబండ నుంచి వస్తాండాను. రామకుప్పం పైన కొండ. నా పేరు గౌరమ్మ." ఒకసారి వీధివైపు తిరిగి చూసింది. "లోపలికి రావొచ్చునా? ఎవరన్నా సూస్తే నన్ను సంపేస్తారు."

సరోజమ్మ తగాదా మరచి మంచినీళ్ళు తెచ్చింది. గౌరమ్మ నీళ్ళు తాగకుండానే మూట విప్పింది. లోపల ఒక మగవాడి చొక్కా. ముందువైపు నెత్తురు ఎండి అట్టలా బిగుసుకుపోయింది.

"మా అన్న గురప్పది. పోయిన సోమవారం ఏనుగు తొక్కి సంపిందన్నారు. రొమ్ము ఎముకలు పిండి పిండి అయినాయి సామీ. నోట్లోంచి, ముక్కులోంచి నెత్తురు. ఏనుగు కేసని ఈ చొక్కా కూడా ఎవరూ అడగలా. నేనే తెచ్చుకున్నా."

"ఏనుగు కాదని నీకెందుకు అనిపించింది?" అన్నాడు చెంగల్రాయుడు.

"రెండు మూడేండ్లుగా ఏనుగులు కింద చేలల్లోకి వస్తాండాయి, నిజమే. మా కొండ ఎక్కింది మాత్రం మా తాత కూడా సూడలా. కుప్పం లక్ష్మయ్య మా ఊర్లో ప్లాట్లు ఏస్తాండాడు. బెంగుళూరోళ్ళకు అమ్మేదానికి. ఊరికంతా ఒకటే ఊట, అది మా అన్న చేన్లో ఉండాది. అన్న అమ్మనన్నాడు. సచ్చిపోయినాడు. పెండ్లి కాని మనిషి, చేను ఇప్పుడు నాకొస్తాది. శుక్రవారం రిజిస్ట్రాపీసుకు వచ్చి సంతకం పెట్టమంటాండారు. పెట్టకపోతే ఏనుగు మళ్ళీ వస్తాదంట."

"ఎవరన్నారామాట?"

గౌరమ్మ తల దించుకుంది. "మా ఇంటాయన కదిరప్ప. లక్ష్మయ్యే అట్లా అన్నాడని చెప్పినాడు."

"ఈ చెంప?"

"గడప తట్టుకొని పడినా."

గడప తగిలి పడితే నాలుగు వేళ్ళు తేలవని శాంతకుమారికి తెలుసు. ఆమె గురప్ప చొక్కా తిరగేసింది. వీపు వైపు నెత్తురు తక్కువ, మరక ఎక్కువ. ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరిగిన మరక. నేతలో సన్నటి పొట్టు ఇరుక్కుని ఉంది. ఆమె ఆ చొక్కాను తన చేతిలోని తెల్లచొక్కా పక్కన పరిచి భర్త వైపు చూసింది.

చెంగల్రాయుడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమిటా పొట్టు?"

"రాగి పొట్టు. నూర్చిన తర్వాత రాలేది," అంది. మదనపల్లె కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన చదువు వంటింట్లో ఇంకిపోయిందని ఆమె అప్పుడప్పుడు దిగులు పడేది. భర్త మాత్రం ఆ చదువును ఏనాడూ మరచిపోలేదు. అందుకే ఏ కేసుకు వెళ్ళినా ఆమె వెంట ఉండాల్సిందే.

"గౌరమ్మా, మీ అన్న ఎక్కడ పడి ఉన్నాడు?"

"ఊటకాడ, ఆయన చేన్లోనే. పైరు ఇంకా పచ్చిగానే ఉండాది సామీ. ఆలీసంగా ఏసినాడు."

"ఆ సోమవారం నువ్వెక్కడున్నావు?"

"మా అత్త, నేను కూరగాయలు అమ్ముకునేదానికి రామకుప్పం పోయినాము. తిరిగొచ్చే తలికి ఊరంతా ఆడే ఉండాది."

మరునాడు ముగ్గురూ బస్సెక్కారు. పుంగనూరులో దిగి సర్దార్ ఫొటో స్టూడియోకు వెళ్ళారు. లక్ష్మయ్య వ్యాపారం కోసం నెమిలిబండ ఫొటోలు తీసింది అతడేనని గౌరమ్మ చెప్పింది. గురప్ప పేరు వినగానే సర్దార్ మొహం చిట్లించాడు.

"నా కెమెరా గుంజుకొని బండకేసి కొట్టినాడు సార్. కోపం లేదంటే అబద్ధమే. కానీ ఆ సోమవారం నేను ఈడ్నే నిఖాలో ఉన్నా. కావాలంటే పెండ్లోళ్ళను అడగండి, ఇంకా డబ్బులియ్యలే వాళ్ళు." బల్ల కింద నుంచి ఒక కరపత్రాల కట్ట లాగి పడేశాడు. "ఇంగ ఇవన్నీ పకోడీలు కట్టుకోనీకే."

శాంతకుమారి ఒకటి తీసుకుని చదివింది.

"నెమిలిబండ: మబ్బులు ముంగిట్లోకి వచ్చే ఊరు. నడివేసవిలో కూడా కంబళి కప్పుకోవలసిన చలి. ఏ కరువులోనూ ఎండని తియ్యని ఊట. బెంగుళూరులో ఉదయం కారెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడ ఉండవచ్చు. సూర్యోదయం చూడవచ్చే యాత్రికులకు, విశ్రాంతి గృహం కట్టుకోదలచిన పెద్దలకు, ముందుచూపుతో స్థలం కొనదలచిన వారికి ఇదే తరుణం. దొంగల బెడద లేదు. అడవి మృగాల భయం లేదు."

"పకోడీలకెందుకు?" అన్నాడు చెంగల్రాయుడు.

"ఏనుగు మనిషిని తొక్కిందంటే ఇంగెవరొస్తారు సార్? బెంగుళూరు సేట్లు కొండ కిందనే కార్లు తిప్పుకున్నారు. లక్ష్మయ్య తల పట్టుకొని కూర్చున్నాడు."

రాత్రికి కుప్పంలో ఆగి, తెల్లారి ఒక హెడ్ కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని, రామకుప్పం మీదుగా కొండ ఎక్కేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. కరపత్రంలోని చలి నిజమే, మబ్బులూ నిజమే. రాతి గోడల ఇళ్ళు, బోదగడ్డి కప్పులు, చుట్టూ కోతకు రాని రాగి చేలు. ఊట దగ్గర గురప్ప చేలో, శవాన్ని చూడవచ్చిన జనం తొక్కిన చోటు పోను, మిగిలిన పైరు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కట్టి ఈడ్చినట్టు ఒక బాట పొడవునా వంగి పడుకుంది. అన్ని మొక్కలూ ఒకే దిక్కుకు. కంకులు మట్టిలో అదిమి ఉన్నాయి. ఒక్కటీ కొరికింది లేదు.

"ఏనుగు ఇంత దూరం ఉపవాసానికి వచ్చిందన్నమాట," అన్నాడు చెంగల్రాయుడు మెల్లగా.

ఊరంతటిలో అలికిన కళ్లం ఒకటే ఉంది. అది కదిరప్పది. అతడొక్కడే ముందుగా విత్తి ముందుగా కోశాడు. ఒక కుప్ప నూర్పిడి అయింది, రెండో కుప్ప అలాగే ఉంది. కంకుల మీద ఎద్దులతో దొర్లించే రాతి గుండు ఓ పక్కన పడి ఉంది. శాంతకుమారి దాని ముందు చాలాసేపు నిలబడింది. గుండుకు బిగించిన కొయ్య చట్రం నిండా పేడ, పొట్టు అట్టలు కట్టి ఉన్నాయి. రాయి మాత్రం శుభ్రంగా, నున్నగా ఉంది. ప్రతి బిందె నీళ్ళూ ఊట నుంచి మోసుకు రావాల్సిన ఊళ్ళో, నూర్పిడి సగంలో రాతి గుండును కడిగే ఇల్లాలు ఉండదు. ఆ మాట భర్త చెవిన వేసింది.

కదిరప్ప ఎత్తైన మనిషి. నడుముకు కొడవలి దోపుకుని వచ్చి, పెళ్ళాం వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె శాంతకుమారి వెనక్కి జరిగింది.

"మీ బావమరిది ఆ సోమవారం మీ కళ్లానికి వచ్చాడా?" అడిగాడు చెంగల్రాయుడు.

"యాల వస్తాడు? నాకూ ఆయనకూ మాటలే లేవు. ఈ దరిదాపుల్లోకే రాలా. నేనొక్కన్నే నూర్చుకుంటా ఉన్నా."

"నిన్నెవరన్నా చూశారా?"

"ఎద్దులు సూసినాయి, అడుగుపో," అని నవ్వాడు.

మధ్యాహ్నం దాటాక చెంగల్రాయుడు అందరినీ ఆ కళ్లంలోకే పిలిపించాడు. లక్ష్మయ్య పంచె ఎగగట్టి, చెమటలు కక్కుతూ వచ్చాడు. కదిరప్ప తల్లి రాములమ్మ కుప్ప కింద చతికిలబడింది. హెడ్ కానిస్టేబుల్ బాట వైపు నిలబడ్డాడు.

"అయ్యా, నన్ను అనుమానించొద్దు," అన్నాడు లక్ష్మయ్య ముందే. "గురప్పతో అరుసుకున్నా, నిజమే. అంతకుమించి నాకేమీ తెలీదు."

"నిన్ను అనుమానించడం లేదు. గురప్ప చావు వల్ల నీకు చేను దొరికేదేమో గానీ, ఏనుగు వల్ల నీ వ్యాపారమే పోయింది. మృగాల భయం లేదని అచ్చు వేయించుకున్నవాడు, పనిగట్టుకుని తను ప్లాట్లు వేసే ఊళ్ళోకి ఏనుగును తెచ్చుకుంటాడా? నువ్వు చంపి ఉంటే కొండ మీద నుంచి జారిపడ్డాడనేవాడివి. ఏనుగు కథ అల్లినవాడికి చేను అమ్మాలన్న ఆశ ఉంది, కొనేవాళ్ళు దేనికి భయపడతారో తెలీదు." అతడు లక్ష్మయ్య వైపే చూస్తూ అడిగాడు. "ఊటకాడి చేనుకు బయానా ఎవరికిచ్చావు?"

లక్ష్మయ్య కళ్ళు కదిరప్ప వైపు పోయాయి. "బావమరిదిని నేనొప్పిస్తానన్నాడు. ఈమధ్య తిరిగియ్యమని అడుగుతాండా."

"సంతకం పెట్టకపోతే ఏనుగు మళ్ళీ వస్తుందని గౌరమ్మకు చెప్పమన్నావా?"

"అయ్యో రామా! ఏనుగు పేరు నేనే ఎత్తితే నా ప్లాట్లు కొనేదెవరు!"

చెంగల్రాయుడు నెత్తుటి చొక్కాను కళ్లంలో పరిచాడు, వీపు పైకి వచ్చేలా.

"గురప్ప పచ్చి చేలో చస్తే వీపుకు మట్టి అంటాలి. అంటింది అలికిన నేల మీది పేడ, నూర్చిన రాగుల పొట్టు. ఊళ్ళో అలికిన కళ్లం ఇదొక్కటే. వాడు ఈ దరిదాపుల్లోకే రాలేదని నువ్వన్నావు కదిరప్పా. వచ్చాడు. ఇక్కడే పడ్డాడు. బతికుండగానో చచ్చాకనో ఆ గుండు వాడి రొమ్ము మీద నడిచింది. తర్వాత శవాన్ని ఎద్దు మీద వేసుకుని చేలో పడేశావు. అదే గుండును పైరు మీద దొర్లించావు. అందుకే మొక్కలన్నీ ఒకే దిక్కుకు పడ్డాయి. రాయికి అంటిన నెత్తురు ఊట నీళ్ళతో కడిగావు. చట్రం కడగడం మరచిపోయావు."

హెడ్ కానిస్టేబుల్ వంగి చట్రం సందులో వేలు పెట్టాడు. పేడ అట్ట కింద నల్లగా ఎండిన నెత్తురు పెళ్ళలుగా ఊడి వచ్చింది.

కదిరప్ప ఒక్క ఉదుటున లేచాడు. అతడు డిటెక్టివు మీదికి రాలేదు, పెళ్ళాం మీదికి వెళ్ళాడు. జుట్టు పట్టి వెనక్కి విరిచి, కొడవలి మెడకు పెట్టాడు. "చొక్కా మోసుకుపోయినావా లంజా!" చెంగల్రాయుడు కొడవలి వంపును వట్టి చేత్తో పట్టుకున్నాడు. అరచెయ్యి చీలి, నెత్తురు మోచేతి దాకా కారి గౌరమ్మ భుజం మీద పడింది. శాంతకుమారి రెండు చేతులా పొట్టు ఎత్తి కదిరప్ప కళ్ళలో కొట్టింది. అతడు కేక వేసి కళ్ళు నులుముకున్నాడు. హెడ్ కానిస్టేబుల్ లాఠీతో మోకాళ్ళ వెనక కొట్టాడు. పడ్డాక కూడా మరో నాలుగు దెబ్బలు పడితే గానీ కొడవలి జారలేదు.

కట్టేసిన చేతులతో కళ్లంలో బోర్లా పడి, కదిరప్ప మట్టిలోకే మాట్లాడాడు. "నూర్పిడికి సాయం రమ్మంటే వచ్చినాడు. అమ్మరా అంటే నవ్వినాడు. గడ్డపారతో ఏసినా. గుండు కిందికి తోసేటప్పుడు ఇంకా కండ్లు తెరిచే ఉండాడు. ఎద్దులు తొక్కమంటే తొక్కలా. ముల్లుగర్రతో పొడిచి పొడిచి తోలినా."

రాములమ్మ రెండు చెవులూ మూసుకుంది.

కదిరప్పను హెడ్ కానిస్టేబుల్, లక్ష్మయ్య కలిసి కిందికి తీసుకువెళ్ళారు. చెంగల్రాయుడి చేతికి శాంతకుమారి కట్టు కట్టింది. పొద్దు వాలకముందే కదిరప్ప ఇంట్లో విస్తళ్ళు పరిచారు. వద్దంటే రాములమ్మ ఒప్పుకోలేదు. ముసలి చేతులతో సంగటి కెలికి, ముద్దలు చేసి, అందరికీ తనే వడ్డించింది. గౌరమ్మ కూతురు చిన్నక్క ఊరుబిండి పచ్చడి వేసింది.

"గౌరమ్మా," అంది రాములమ్మ, కోడలి ముద్ద మీద గుంట చేసి నెయ్యి పోస్తూ. "వాడు చేసింది పాపమే. కానీ కోర్టులో నువ్వు నోరు తెరిస్తే నా బిడ్డను ఉరేస్తారే. నాకేమీ తెలీదు అను తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

గౌరమ్మ ముద్ద తుంచింది. తుంచిన చెయ్యి ఆగిపోయింది.

"ఈ పిండి యాటిదత్తా? పాత పిండి అయిపోయిందే."

ముసలామె గరిటె పక్కన పెట్టింది. "కొత్త రాగులే... నిన్న విసిరినా. కళ్లంవి."

శాంతకుమారి వేళ్ళ మధ్య వెచ్చటి సంగటి అలాగే ఉండిపోయింది.

గౌరమ్మ ముద్దను విస్తట్లో పెట్టి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. గొంతు పెంచకుండా, ఒక్కొక్క మొహమే చూస్తూ చెప్పింది.

"కోర్టులో నేనే చెప్తా. ఆ చొక్కా నేనే సూపిస్తా. ఊటకాడి చేను అమ్మను, లక్ష్మయ్యకు కాదు, ఎవరికీ కాదు. ఊరు నీళ్ళు ఎప్పుడట్లా మోసుకునిందో అట్లే మోసుకోనీ. నువ్వు యాడికీ పోవద్దత్తా, ఈ ఇంట్లోనే ఉండు. కానీ ఆ కళ్లం గింజలు ఇంగ ఈడ పొయ్యెక్కేది లేదు."

"ఏడాది గ్రాసం గదే! ఏం చేస్తావు వాటిని?"

"రేపు బండి కట్టి కిందికి తోలుకుపోతా. అడివంచున పోస్తా. ఏనుగులు తిననీ. చెయ్యని పాపం వాటి నెత్తినేసినాం గదా."

రాములమ్మ లేచి, సంగటి కుండను రెండు చేతులా ఎత్తి, గడప అవతల పెట్టి వచ్చింది.