దిగని చేతులు

ఆదివారం, అమావాస్య... రెండూ కలిసిన ఆ మిట్టమధ్యాహ్నం గోదావరి లంకలో జరగవలసిన పనులు ఇవి. కాటి బూడిదతో ముగ్గు వేయాలి. ముగ్గు నడుమ మనిషి పుర్రెను నిలపాలి. నల్లకోడి నెత్తురుతో దాని నుదుట బొట్టు పెట్టాలి. పట్టిన ఆత్మను ఆ పుర్రెలోకి పిలిచి ఇనుప మేకు దిగ్గొట్టాలి. మేకు దిగేముందు, చచ్చినవాడి పాపమేమిటో చంపినవాడే తన నోటితో చెప్పాలి.

ఆ చివరి పని కోసమే ఎస్సై చంద్రరావు వచ్చాడు.

నింగినిండా కారుమేఘాలు... పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూత... ఉరుమొకటి గోదావరి మీదుగా దొర్లుకుంటూ వచ్చి రెల్లుపొదల్లో ఆగింది. ముగ్గు పక్కన చంద్రరావు భార్య హారతి కూర్చుని ఉంది. ఆమె రెండు చేతులూ ఆకాశం వైపు లేచి, కొయ్యల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఎందరు పట్టి లాగినా దిగలేదు. నోట్లో పెట్టిన ముద్ద లోపలికి పోవడం లేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టర్లు చెప్పేశారు.

ఆమెను పట్టినవాడు సాల్మన్. గోదావరి అడుగుకి మునిగి, బకెట్టుతో ఇసుక తోడి పడవకెత్తే మనిషి. ఒక బడిపిల్ల హత్య కేసులో అతణ్ణి పట్టుకున్నారు. చేశాడో లేదో కోర్టు తేల్చకముందే, సంఘటన జరిగిన చోటు చూపించమని తీసుకెళ్ళిన ఏటిగట్టు మీద చంద్రరావు తుపాకీ పేలింది. కత్తితో మీదికొచ్చాడనీ, ఆత్మరక్షణకు కాల్చాననీ చెప్పాడు. ఊరు నమ్మింది. నమ్మాలనుకుంది కూడా. స్టేషన్ ముందు టపాసులు కాల్చి, ఆయన మీద పూలు చల్లింది. చొక్కాలో చిక్కుకున్న గులాబీ ఒకదాన్ని ఆయన ఇంటికి తెచ్చాడు. హారతి దాన్ని తల్లో పెట్టుకుంది... ఆ క్షణమే ఆమె చేతులు లేచాయి!

"ఎస్సైగారూ, జాగ్రత్తగా వినండి," అన్నాడు మంత్రగాడు త్రిమూర్తులు, మేకు చేతిలోకి తీసుకుంటూ. "జరిగిందే చెప్పాలి. అబద్ధమైతే మేకు కొట్టినోడికే దిగుద్ది. కొట్టేది నేను. నాకింకా బతకాలనుందండి, ఆయ్."

"పేపర్లో వచ్చిందేగా."

"పేపరు నేనూ చదివానండి. మీరు చెప్పండి."

మంత్రం మొదలైంది. గాలి స్తంభించింది... హారతి కంఠంలోంచి ఒక మగగొంతు, వణుకుతూ వచ్చింది.

"సారూ... చేతులెత్తానండి. ఇంకా పైకెత్తమంటారాండి?"

త్రిమూర్తులు మంత్రం ఆపాడు. ఆ చేతుల్ని చూశాడు. చూసి కూడా, టపాసులు కాల్చినవాళ్ళలో తానూ ఒకడు కనుక, చంద్రరావునే నమ్మాడు.

"చెప్పండి."

"కత్తితో మీదికొచ్చాడు," అన్నాడు చంద్రరావు, ఏటివైపు చూస్తూ.

సుత్తి పడింది. పుర్రె చెక్కుచెదరలేదు... త్రిమూర్తులు నుదుట చిల్లుపడి నెత్తురు చిమ్మింది! సుత్తి పట్టిన చేయి అతని మాట వినలేదు. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది... "నిజం చెప్పండి ఎస్సైగారూ..." అన్న అతని ఆర్తనాదం పిడుగుపాటులో కలిసిపోయింది. ముగ్గు మీద బోర్లా పడ్డాడు. ఇక లేవలేదు. వాన ఆ బూడిదను కడిగేసింది.

హారతికి ఊపిరి ఆడడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. అయినా అదే ప్రశ్న.

"ఇంకా పైకెత్తమంటారాండి?"

చంద్రరావు బురదలో ఆమె ఎదుట కూర్చుని, ఆ చేతుల్నే చూస్తూ చెప్పాడు.

"కత్తి లేదు. తర్వాత నేనే పెట్టించాను. వాడు చేతులెత్తే ఉన్నాడు."

ఆమె చేతులు మెల్లగా, నొప్పిగా, ఒళ్ళోకి దిగాయి. ఊపిరి అందాక తన గొంతుతోనే అంది: "ఇది నాకు కాదండి చెప్పాల్సింది."

ఆయన కోర్టులో చెప్పాడు. కానీ ఆ బడిపిల్లను చంపిందెవరో ఇక తేలదు. సాల్మన్‌తోపాటే ఆ పిల్ల కేసునీ పాతిపెట్టేశారు.

హారతి సాల్మన్ తల్లి సువార్తమ్మ ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. సువార్తమ్మ ఏడవలేదు. హారతి భుజాలు నిమురుతూ కూర్చుంది.

"ఇసుక బకెట్లు ఎత్తీ ఎత్తీ భుజాలు లాగేస్తన్నాయనేవోడు. చేతులు దించేడా అమ్మా, మావోడు?"

"దించాడమ్మా."

మీరెప్పుడైనా గోదావరి వంతెన దాటుతుంటే, కింద ఇసుక పడవ కనబడితే, ఒక్కసారి సాల్మన్‌ను తలుచుకోండి. అతను మంచివాడని నేను చెప్పలేను. అది తేలనివ్వలేదు. చేతులెత్తాడు... అంతవరకైనా గుర్తుపెట్టుకోండి.